టికెట్ మీద 11 గంటలు, కూర్చునేది 22 గంటలు

నమస్కారం. మొన్న డిసెంబర్‌లో మా చెల్లి పురుటికి అమ్మ చికాగో వెళ్లింది. ఒక్కతే అంత దూరం వెళ్లడం అదే మొదటిసారి. టికెట్ ప్రింట్ చేతికివ్వగానే కళ్లజోడు పెట్టుకుని చూసి, "తెల్లవారుజామున 4:20కి ఎక్కి మధ్యాహ్నం 3:30కి దిగడమేగా, పదకొండు గంటలు కూర్చోలేనా" అంది. రెండు చోట్లా ఒకే తారీఖు ఉంటే ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఎక్కే టైమ్ శంషాబాద్‌ది, దిగే టైమ్ చికాగోది. చలికాలంలో చికాగో మనకన్నా పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. మార్చిలో వాళ్లు గడియారం ముందుకు జరిపాక పదిన్నర. అంటే అక్కడ మధ్యాహ్నం 3:30 అయ్యేసరికి మనకు మర్నాడు తెల్లవారుజామున 3:00. మొత్తం 22 గంటల 40 నిమిషాలు. దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడ పడిగాపులు 3 గంటల 40 నిమిషాలు, ఆ తర్వాత ఏకబిగిన పదిహేను గంటలు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఈ లెక్క ముందే తెలియాలి.

ఇక దూరం. గోడ మీద మ్యాప్ చూస్తే చికాగో మనకు పడమరన, యూరప్ దాటి ఎక్కడో ఉన్నట్టుంటుంది. ఇంట్లో గ్లోబు ఉంటే పూలు కట్టే దారం ఒకటి తీసుకుని హైదరాబాద్ మీద ఒక కొస, చికాగో మీద ఇంకో కొస పెట్టి బిగించి చూడండి. నేను అమ్మ ముందే చేశాను. దారం దాదాపు నిటారుగా ఉత్తరానికి పోయింది! పంజాబ్, కజకిస్తాన్, రష్యా, ఆర్కిటిక్ మంచు, గ్రీన్‌లాండ్, కెనడా. అమ్మ వేలితో ఆ దారం వెంటే వెళ్లి, "ఇంత పైకా" అంది. ఆ దారి సుమారు 13,280 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా అయితే దాదాపు 14,200. చుట్టు తిరిగినట్టు కనిపించినా ఎక్కువయ్యేది 900 కిలోమీటర్లే. టైమ్ పోయేది మధ్యలో ఆగడం వల్ల.

గంటకు 900 కిలోమీటర్ల చొప్పున 13,280ని భాగిస్తే పద్నాలుగు ముప్పావు గంటలు వస్తుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఇక్కడి నుంచి నేరుగా చికాగోకి విమానం వేసినప్పుడు మాత్రం పదహారు గంటల పైనే పట్టేది. రన్‌వే దాకా పాకడం, పైకి ఎక్కడం, కిందికి దిగడం అన్నీ కలుస్తాయి. ఎదురుగాలి ఉంటే ఇంకాస్త. పడమటి నుంచి తూర్పుకు పైన బలంగా వీచే జెట్ స్ట్రీమ్ అమెరికా నుంచి వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, అందుకే తిరుగు ప్రయాణం సాధారణంగా తొందరగా అవుతుంది. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసింది, మన విమానం నేరుగా వెళ్లాలంటే ఆ చుట్టు కూడా కలపాలి.

కూకట్‌పల్లి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎయిర్‌పోర్టుకి గంట, చెకిన్ కోసం విమానానికి మూడు గంటల ముందు చేరాలి. అంటే అమ్మ ఇంటి గడప దాటింది రాత్రి పన్నెండుకి.

నేను చేసింది ఒక్కటే. ఒక కాగితం మీద అన్నీ హైదరాబాద్ టైమ్‌లోనే పెద్ద అక్షరాలతో రాసి, బీపీ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్‌ని అడిగి పక్కనే రాసి, చేతిగడియారం మార్చొద్దని చెప్పాను. మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి ఫోన్ వచ్చింది. "దిగానురా. మాత్ర కాగితంలో ఉన్న టైముకే వేసుకున్నా."