మూలన పడేసిన చెట్లు కోసే మిషన్ మళ్లీ ఎలా తిరిగింది? ఆరేళ్లు దాటిన 52 సీసీ చైన్ సా రివ్యూ

నమస్కారమండి. బల్ల మీద రెండు మిషన్లు పెట్టాను, చూడండి. రెండూ 52 సీసీ పెట్రోల్ చైన్ సాలే, రెండింటికీ 20 అంగుళాల బారే. బార్ అంటే చైన్ చుట్టూ తిరిగే ఈ పొడుగాటి ఇనుప పట్టీ. ఎడమవైపున్నది నాది, 2019 జనవరిలో 7,000 పెట్టి కొన్నాను. కుడివైపున్నది మా వీధిలో ఉండే బాబాయిది. ఆయన కొని రెండేళ్లు కూడా కాలేదు. "దీని పని అయిపోయిందిరా, పాత ఇనుముకి వేసేస్తాను" అంటూ తెచ్చారు. నిన్న సాయంత్రం గంటన్నర కూర్చున్నాను, స్టార్ట్ అయింది. మార్చింది ఒక పెట్రోల్ పైపు, ట్యాంకులో ఉండే చిన్న ఫిల్టరు. అంతే.

అందుకే ఈ వీడియోలో మిషన్ బాగుందా లేదా అన్నదానికంటే, దాన్ని బాగా ఉంచుకోవడం ఎలా అన్నదే ఎక్కువ మాట్లాడతాను. నా దగ్గరికి "పోయింది" అని వచ్చిన మిషన్లలో చాలావాటికి ఇంజిన్‌లో ఏమీ పోలేదు. పెట్రోల్ పాడైందో, గాలి అందలేదో, చైన్ పన్ను అరిగిందో, ఈ మూడింటిలో ఒకటే.

మాది ఉద్దానం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే కొబ్బరి, జీడిమామిడి, పనస అన్నీ నేలమీదే. దారికి అడ్డంగా పడ్డ చెట్టు తీయాలన్నా మిషన్ ఉన్నవాళ్ల కోసం రోజులు ఎదురుచూశాం. ఆ తర్వాతే నేను ఇది కొన్నాను. కాబట్టి నా అనుభవం అంతా ఎక్కువగా కొబ్బరి మొద్దుల మీద, జీడి కొమ్మల మీద వచ్చిందే.

ముందు పెట్రోల్. ఇది టూ స్ట్రోక్ ఇంజిన్. బైకులో లాగా కింద విడిగా ఇంజిన్ ఆయిల్ ఉండదు, పెట్రోల్‌లో కలిపిన ఆయిలే లోపల పిస్టన్‌ని, బేరింగుల్ని తడపాలి. నా మిషన్ పుస్తకంలో 25కి 1 అని ఉంది, అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. స్టిల్ (STIHL), హస్క్‌వర్నా లాంటి కంపెనీల మిషన్లకు వాళ్లు చెప్పిన ఆయిల్ వాడితే 50కి 1, అంటే లీటరుకు 20. మీ పుస్తకంలో ఏముంటే అదే కలపండి. "కాస్త ఎక్కువ పోస్తే మంచిదే కదా" అనుకోవద్దు. ఎక్కువైతే ప్లగ్గు మీద, సైలెన్సర్‌లో మసి కడుతుంది. ఆయిల్ డబ్బా మీద టూ స్ట్రోక్ అని రాసి ఉందో లేదో చూసుకోండి, బైకు ఇంజిన్‌లో పోసే ఆయిల్ దీనికి పనికిరాదు. కలపడం కూడా మిషన్ ట్యాంకులో కాదు, విడిగా ఒక క్యాన్‌లో కలిపి, బాగా కుదిపి పోయాలి.

2021లో నా మిషన్‌ని ఒకరోజు కోతకి ఒకతను తీసుకెళ్లాడు. ట్యాంకు ఖాళీ అయితే బంకు పెట్రోల్ నేరుగా పోసి నడిపాడు. పావుగంటలో పట్టేసింది. సైలెన్సర్ విప్పి చూస్తే పిస్టన్ మీద నిలువుగా గీతలు, గోరు పెడితే తగులుతున్నాయి. బోరు, పిస్టన్, రింగులు అన్నీ మార్చాల్సి వచ్చింది. అప్పట్నుంచి నా క్యాన్ మీద ఎర్ర రంగుతో "ఆయిల్ కలిపింది" అని రాసి పెట్టాను. మిషన్ ఎవరికిచ్చినా ఆ క్యాన్‌తోనే ఇస్తాను.

ఇంకో సంగతి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఎక్కువ తేమ చేరితే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకి చేరతాయి. ఫిల్టర్ ఉండేది ఆ అడుగునే కదా. పైగా పాతరకం రబ్బరు పైపులు మెత్తబడి ఉబ్బుతాయి, కార్బ్యురేటర్‌లో ఉండే పల్చటి డయాఫ్రమ్ గట్టిపడుతుంది. మాలాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. బాబాయి మిషన్‌లో జరిగిందదే. వానాకాలం ముందు సగం ట్యాంకుతో అటక మీద పెట్టారు, సంక్రాంతికి దించారు. పైపు వేలితో నొక్కితే బంకలా ఉంది. అందుకని నెలరోజులకు సరిపడా మాత్రమే కలుపుకోండి. ఇక కొన్నాళ్లు పని లేదనుకుంటే ట్యాంకు ఖాళీ చేసి, మిషన్‌ని స్టార్ట్ చేసి, అదంతట అదే ఆగిపోయేదాకా నడపండి. కార్బ్యురేటర్‌లో మిగిలింది కూడా కాలిపోతుంది.

సరే, మిషన్ స్టార్ట్ కావడం లేదు. తాడు లాగి లాగి భుజం పడిపోతోంది. టెన్షన్ పడకండి, ప్లగ్గు విప్పండి. సగం విషయం అదే చెబుతుంది. ప్లగ్గు పొడిగా ఉందంటే పెట్రోల్ పైకి రావడం లేదు. ట్యాంకు మూత తీసి, కొన వంచిన సన్నటి తీగతో పైపుని పైకి లాగండి, చివర చిన్న ఫిల్టర్ ఉంటుంది. అది నల్లగా ఉంటే మార్చేయండి, కడిగి మళ్లీ పెట్టేంత ఖరీదైంది కాదు. ప్లగ్గు తడిగా ఉందంటే పెట్రోల్ వస్తోంది కానీ మంట అందడం లేదు, లేదంటే మీరు చోక్ వేసి ఎక్కువసార్లు లాగడంతో ఓవర్‌ఫ్లో అయింది. అప్పుడు ప్లగ్గు తీసేసి, చోక్ తీసేసి, మిషన్‌ని తలకిందులు చేసి పదిసార్లు తాడు లాగండి. పెట్రోల్ బయటికి పోతుంది. ప్లగ్గు తుడిచి ఆరనిచ్చి బిగించండి. అప్పుడు చోక్ లేకుండా, యాక్సిలరేటర్ నొక్కి పట్టుకుని లాగితే అందుకుంటుంది.

చాలామంది ఓవర్‌ఫ్లో చేసేది ఒకే చోట. చల్లటి మిషన్‌కి చోక్ వేసి లాగుతున్నప్పుడు ఒకసారి "టప్" అని చిన్న శబ్దం వచ్చి ఆగుతుంది. ఆ శబ్దం వినగానే చోక్ తీసేయాలి. అది వినకుండా ఇంకో పదిసార్లు లాగితే లోపల పెట్రోల్ నిండిపోతుంది. స్టార్ట్ చేసేటప్పుడు మిషన్ నేలమీదే ఉండాలి, చైన్ బ్రేక్ వేసి ఉండాలి, కుడికాలి ముందుభాగం వెనక పిడిలో పెట్టి తొక్కి పట్టుకోవాలి. చేత్తో గాలిలో వేలాడదీసి తాడు లాగడం దయచేసి మానేయండి.

స్టార్ట్ అవుతోంది, పది నిమిషాలు నడిచి ఆగిపోతోంది, కాసేపాగితే మళ్లీ స్టార్ట్ అవుతోంది. ఇలా అయితే ట్యాంకు మూత కాస్త వదులు చేసి చూడండి. "సుయ్" మని గాలి పీల్చుకుని మిషన్ మామూలుగా నడిస్తే, ట్యాంకులోకి గాలి వెళ్లే దారి మూసుకుపోయినట్టు. ఆ దారిని శుభ్రం చేస్తే చాలు. దీనికి కార్బ్యురేటర్ మొత్తం మార్చిన వాళ్లని చూశాను, బాధేసింది.

ఎయిర్ ఫిల్టర్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పని చేసిన ప్రతిరోజూ విప్పండి, దులపండి, మరీ మురికైతే సబ్బు నీళ్లలో ఉతికి పూర్తిగా ఆరబెట్టి పెట్టండి. విప్పే ముందు చోక్ వేయండి, పొట్టు కార్బ్యురేటర్‌లోకి జారకుండా.

యాక్సిలరేటర్ వదిలేసినా చైన్ తిరుగుతూనే ఉందంటే అది ప్రమాదం. స్లో స్క్రూ, అంటే యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజిన్ ఎంత వేగంతో తిరగాలో పెట్టేది, ఎక్కువగా బిగించి ఉండొచ్చు, తగ్గించండి. తగ్గించినా తిరుగుతుంటే క్లచ్ స్ప్రింగ్ చూడాలి. ఆ మిషన్‌తో అలాగే పని చేయకండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం, చైన్. కెమెరా దగ్గరికి తెస్తున్నాను, ఈ పన్ను చూడండి. వడ్రంగి చేతిరంపం పన్ను లాగా లేదు. ఇది చిన్న చిత్రిక లాంటిది, కట్టెను చివ్వినట్టు లేపుతుంది. అమెరికాలో జోసెఫ్ కాక్స్ అనే కట్టె కొట్టే మనిషి 1946లో ఒక మొద్దులో పురుగు పిల్ల కట్టెను కుడికీ ఎడమకీ తొలుచుకుంటూ పోవడం చూసి, దాని దవడల లాగానే ఈ పళ్లను తయారుచేశాడు. ఈరోజు మనం వాడే చైన్లు ఆ దారిలో వచ్చినవే. ఒక పన్ను కుడికి, ఒక పన్ను ఎడమకి ఉండేది అందుకే.

పన్ను పదునుగా ఉంటే బయటికి పేళ్లు పడతాయి, ఇలా, గోరంత గోరంత ముక్కలు. పిండిలా పొట్టు పడుతోందంటే పదును పోయింది. అప్పుడు మనం బలంగా నొక్కుతాం, బార్ వేడెక్కుతుంది, ఇంజిన్ మీద భారం పడుతుంది, "మిషన్‌లో పవర్ తగ్గింది" అనుకుంటాం. పవర్ తగ్గలేదు, ఆకురాయి పట్టలేదు, అంతే. కొబ్బరి మొద్దు పైభాగం చాలా గట్టిది, పన్ను తొందరగా అరిగిపోతుంది. తుఫానుకి వేళ్లతో లేచిన చెట్టైతే మొదలు దగ్గర ఇసుక పట్టి ఉంటుంది. కత్తితో గీకి, నీళ్లు కొట్టి కోయండి. చైన్ ఒక్కసారి నేలకు తగిలిందంటే అప్పటిదాకా పెట్టిన పదునంతా పోతుంది.

నా చైన్ పాయింట్ 325 అంగుళాల పిచ్ (పిచ్ అంటే చైన్ లింకుల మధ్య దూరం లెక్క), దీనికి 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి కావాలి. చిన్న మిషన్లకు వచ్చే 3/8 అంగుళం "లో ప్రొఫైల్", అంటే ఎత్తు తక్కువ చైన్‌కి 4 మిల్లీమీటర్లది. పిచ్ ఎంతో బార్ మీద రాసి ఉంటుంది, చదువుకుని కొనండి. పన్ను లోపలి వైపు నుంచి బయటికి మాత్రమే తోయాలి, వెనక్కి తెచ్చేటప్పుడు ఆకురాయి పైకెత్తేయాలి. కోణం 30 డిగ్రీలు. చాలా చైన్లకు పన్ను మీదే ఒక గీత ఉంటుంది, దానికి సమానంగా పట్టుకుంటే సరిపోతుంది. ఒక పన్నుకి మూడుసార్లు తోస్తే అన్నింటికీ మూడే. కుడివైపు పళ్లు పొడుగ్గా, ఎడమవైపువి పొట్టిగా అయిపోతే మిషన్ కోత వంకరగా పోతుంది, ఎంత పట్టుకున్నా నిలువదు.

పన్ను ముందు ఈ బొడిపె ఉంది కదా. పన్ను ఎంత లోతుకి కొరకాలో ఇదే చెబుతుంది. పన్ను అరిగేకొద్దీ దీన్ని కూడా బల్లపరుపు ఆకురాయితో తగ్గించాలి, పన్నుకంటే 0.65 మిల్లీమీటర్లు కిందకి ఉండాలి. ఇది ఎవరూ చేయరు. పదును పెట్టాను, అయినా కోయడం లేదంటారు. అలాగని ఇష్టమొచ్చినట్టు అరగదీస్తే మిషన్ కట్టెలోకి ఒక్కసారిగా లాక్కుంటుంది, ఎగిరి మీదికొస్తుంది. గేజ్ చిన్న రేకుముక్కే, కొనుక్కోండి.

బార్‌కి వెళ్లే ఆయిల్ విషయంలో నాది కచ్చితమైన మాట. కాలిన ఇంజిన్ ఆయిల్ పోయకండి. అందులో ఇనుప రజను ఉంటుంది, పంపును తినేస్తుంది, ఆ తుంపరంతా మన చేతుల మీద, నేలమీద పడుతుంది. బార్ ఆయిల్ దొరికితే అదే మంచిది. పెట్రోల్ ట్యాంకు నింపిన ప్రతిసారీ ఆయిల్ ట్యాంకు కూడా నింపండి. ఆయిల్ వస్తోందా లేదా తెలియాలంటే, ఇదిగో ఇలా అట్టముక్క ముందు బార్ కొనను జానెడు ఎడంగా పట్టుకుని రేజ్ చేస్తే ఆయిల్ చారలా పడాలి. పడకపోతే బార్ మొదట్లో ఉండే చిన్న కన్నం పొట్టుతో పూడిపోయి ఉంటుంది. బార్ గాడి కూడా పాత హాక్సా బ్లేడు ముక్కతో గీకండి. పదును పెట్టినప్పుడల్లా బార్‌ని తిరగేసి బిగిస్తే రెండు వైపులా సమానంగా అరుగుతుంది.

చైన్ బిగింపు ఇంజిన్ ఆపి, ప్లగ్గు క్యాప్ తీసి చేయండి. బార్ కొన పైకెత్తి పట్టుకుని నట్లు బిగించాలి. కింద చైన్ బార్‌ని తాకుతూ ఉండాలి, చేత్తో లాగితే తేలిగ్గా తిరగాలి. వేడి మీద బిగించారంటే పని అయిపోగానే వదులు చేయండి, చల్లారితే చైన్ కుంచించుకుపోయి క్రాంక్ మీద బలం పడుతుంది.

చివరికి కార్బ్యురేటర్ స్క్రూలు. చాలామంది ముందు వీటినే తిప్పుతారు, నేను అన్నీ చూశాకే ముట్టుకుంటాను. హెచ్ స్క్రూ, అంటే ఫుల్ స్పీడులో ఎంత పెట్రోల్ వెళ్లాలో పెట్టేది, మరీ బిగిస్తే ఇంజిన్ కీచుగా, గట్టిగా అరుస్తుంది. వినడానికి జోరుగానే ఉంటుంది కానీ పెట్రోల్‌తో పాటు వెళ్లే ఆయిల్ తగ్గిపోయి పిస్టన్ పట్టేస్తుంది. తిప్పే ముందు స్క్రూ ఎక్కడుందో మార్కర్‌తో గీత పెట్టండి, ఒకసారికి చుట్టులో ఎనిమిదో వంతుకి మించి తిప్పకండి.

మరి ఈ 52 సీసీ మిషన్ కొనొచ్చా అంటే, సొంత తోట ఉన్నవాళ్లకి, వంటచెరుకు కోసుకునేవాళ్లకి నేను ధైర్యంగా కొనమంటాను. విడిభాగాలు దొరుకుతాయి, విప్పడం తేలిక. కూలికి రోజంతా కోసేవాళ్లు మాత్రం ఇంకా మంచి మిషన్‌కి డబ్బు పెట్టండి, దీని అదురుకి సాయంత్రానికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. చైన్ బ్రేక్ సరిగా పట్టని మిషన్ ఎంత చవకగా వచ్చినా వద్దు. బార్ కొన పైభాగం కట్టెకి తగిలితే మిషన్ కన్ను మూసి తెరిచేలోగా మొహం మీదికి లేస్తుంది, అప్పుడు కాపాడేది ఆ బ్రేకే. లుంగీలో, చెప్పుల్లో కోయకండి. కళ్లద్దాలు, బూట్లు, చెవులకు రక్షణ ఉండాల్సిందే.

ఇప్పుడు బాబాయి మిషన్ బయటికి తీసుకెళ్తున్నాను. కొత్త పైపు, కొత్త పెట్రోల్, పదును పెట్టిన చైన్, బ్రేక్ వేశాను. పెరట్లో ఎండిన పనస కొమ్మ ఉంది. ఆయన కూడా అక్కడే నిలబడ్డారు. చెవులకి పెట్టుకుంటున్నాను, ఇంక మాటలు వినపడవు. కింద పడేవి పేళ్లా, పొట్టా, మీరే చూడండి.