ఫీనిక్స్‌కి టైటానియం ఎక్కడిది?

(విశాఖపట్నంలో ప్రపంచ అంతరిక్ష వారోత్సవం సందర్భంగా చేసిన ప్రసంగం)

సభకి నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు వరసగా చెప్పడం ఆనవాయితీ. అయితే నన్ను పరిచయం చెయ్యడానికే అధ్యక్షులవారు పావుగంట తీసుకున్నారు. అంచేత అందరికీ కలిపి ఒకటే దండం.

అంశం పిల్లలే ఎంచారు: స్టార్ ట్రెక్ అనే అమెరికా టీవీ, సినిమా కథల లోకంలో ఈ శతాబ్దం నడిమి అంతరిక్ష ఘట్టాలు. రిటైరైన సైన్సు మాస్టారు, పిలిస్తే కాదనడు కదా! సరే, ఆ కథల లెక్కలో 2032లో మనుషులు అంగారకుడి దాకా వెళ్తారు. 2037లో కరిబ్డిస్ అనే నౌక సౌరకుటుంబం దాటదామని బయల్దేరి మళ్ళీ ఇంటికి రాదు. ఆ తర్వాత మూడో ప్రపంచ యుద్ధం, అరవై కోట్ల ప్రాణాలు పోతాయి. 2063 ఏప్రిల్ 5న అమెరికాలో మోంటానా అడవుల్లో జెఫ్రమ్ కాక్రన్ అనే తాగుబోతు మేధావి, మిగిలిపోయిన టైటాన్ క్షిపణి మీద ఫీనిక్స్ అనే నౌకని ఎక్కించి కాంతి కన్నా వేగంగా పోతాడు. అటుగా వెళ్తున్న వేరే గ్రహంవాళ్ళు, వల్కన్లు, అది పసిగట్టి కిందికి దిగుతారు. ముందు వరసలో కూర్చున్న పిల్లలూ, ఆ రోజుకి మీకు యాభై దాటుతుంది.

అందరూ కాక్రన్‌ని మెచ్చుకుంటారు. నాకు మటుకు అతని పక్కన పనిచేసే లిల్లీయే నచ్చింది. నాలుగు మీటర్ల కాక్‌పిట్‌కి సరిపడా టైటానియం పోగెయ్యడానికి ఆవిడకి ఆర్నెల్లు పట్టిందట. కథ మొత్తంలో నేను పట్టుకున్న మాట ఇదొక్కటే. లోహం ఎక్కడిది అని అడిగిన మనిషి ఈవిడే!

ఇక్కడ నా సొంత గొడవొకటి చెప్పాలి. అధ్యక్షులవారు మన్నించాలి.

1970. నేను తొమ్మిదో తరగతి. అంతకు ముందు ఏడాదే చంద్రుడి మీద కాలు పెట్టారు. మా స్కూల్లో సైన్సు ఫెయిర్. ఒకడు అట్టముక్కల రాకెట్టుకి సిగరెట్టు పెట్టెల్లోని వెండికాయితం అంటించి తెచ్చాడు. నేనేమో భీమిలి ఒడ్డున గోస్తనీ సముద్రంలో కలిసేచోట, కెరటం వెనక్కి పోయాక మిగిలే నల్లచారల ఇసక హార్లిక్స్ సీసాలో పోసి తెచ్చాను. పాడైన రేడియో స్పీకరులోంచి పీకిన అయస్కాంతం కూడా తెచ్చాను. కాయితం మీద ఇసక పోసి, కింద అయస్కాంతం జరిపితే నల్లరేణువులు గడ్డం నిక్కినట్టు లేచి నిలబడేవి. చూడ్డానికొచ్చిన జడ్జీగారు, "ఏటిరా, ఇసక తెచ్చావా? ఇల్లు కడతావేటి?" అన్నారు. అందరూ నవ్వారు. ప్రైజు రాకెట్టుకి.

పాపం ఆయనకి తెలీదు, నాకూ అప్పుడు తెలీదు. ముందు లేచేవి మాగ్నటైటు అనే ఇనుప ఖనిజం రేణువులు. బలమైన అయస్కాంతం దగ్గరగా పెడితేగానీ కదలనిది ఇల్మనైటు: ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన ఖనిజం. తూర్పు కనుమల రాళ్ళు అరిగి, ఏటిలో కొట్టుకొచ్చి, కెరటాల్లో జల్లెడ పడతాయి. మామూలు తెల్లఇసక నీటికి రెండున్నర రెట్ల పైచిలుకు బరువైతే ఇది నాలుగున్నర దాటుతుంది. అంచేత తేలికది సముద్రం ఈడ్చుకుపోతుంది, బరువైనది ఒడ్డునే ఉండిపోతుంది. అసలు టైటానియం సంగతి లోకానికి తెలిసిందే ఇలాంటి ఇసక వల్ల! 1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో విలియం గ్రెగర్ అనే చర్చి ఫాదిరీ, అయస్కాంతానికి అంటుకునే నల్లఇసకని పరీక్షించి, ఇందులో కొత్త లోహం ఉందన్నాడు. ఆయన్నెవరూ ఇల్లు కడతావా అనలేదు కామోసు.

మరొకటి వినండి. అపోలో 11 తెచ్చిన చంద్రుడి నల్లరాళ్ళలో ఇల్మనైటు దండిగా ఉంది. అంటే వెండికాయితం రాకెట్టు చేరాల్సిన చోట ఉన్న ఖనిజమే నా సీసాలో ఉంది!

ఇసకలోంచి లోహం తియ్యడం తేలిక కాదు, ఆ కష్టం లిల్లీకే తెలియాలి. ఖనిజాన్ని క్లోరిన్‌తో టైటానియం టెట్రాక్లోరైడు చేసి, గాలి తగలకుండా ఆర్గాన్‌లో, కరిగిన మెగ్నీషియంతో కలిపితే లోహం స్పంజిలా బొరియలు బొరియలుగా వస్తుంది. విల్‌హెల్మ్ క్రోల్ అనే లోహశాస్త్రవేత్త చూపిన దారి అది. మన దేశంలో కేరళలోని చవరలో ఈ స్పంజి చేస్తున్నారు, దాన్ని రాకెట్లకి వాడతారు. భూగర్భ శాస్త్రవేత్త సి. మహదేవన్‌గారు నెలకొల్పిన ఆంధ్రా యూనివర్సిటీ భూగర్భశాస్త్ర విభాగం మన ఒడ్డు ఇసకని ఏనాడో పట్టించుకుంది. మనమే, రోజూ సాయంత్రం దాని మీద కూర్చుని ముంతమసాలా తింటూ, చెప్పుల్లోంచి దులుపుకుంటున్నాం.

లారీలేసుకుని తవ్వుకుపొమ్మని అనడం లేదు, భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల గతి చూస్తూనే ఉన్నాం. చూడమంటున్నాను, అంతే.

చీటీ వచ్చింది, టైమైపోయిందట. 2063 సంగతి ఇంకా సగం మిగిలే ఉంది, ఇంకోసారి పిలవండి. ఇదిగో, సీసా అదే, మూత మార్చాను. ఏవమ్మా, రెండు జడల పాపా, నువ్వు రా. అయస్కాంతం నువ్వు పట్టుకో. కాస్త ఎవరైనా ఆ ఫ్యాను ఆపండి బాబూ, ఇసక ఎగిరిపోతుంది.