ప్లాస్టిక్ రీడ్ పెట్టాక తేలింది, నా పాత ఓబోకి ఉన్న అసలు జబ్బు | రివ్యూ

నమస్తే అండీ. ఇదిగో, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా. దీన్ని ఇవ్వడానికి కొరియర్ అబ్బాయి చెన్నై సాలిగ్రామంలో మా వీధి దొరక్క ముప్పావుగంట తిరిగాడు పాపం. ఓబో అంటే మన సన్నాయిలా ఊదే పాశ్చాత్య వాయిద్యం, రీడ్ అంటే మనం నోట్లో పెట్టుకునే దాని రెండు రెక్కల పీక. లోపల ఉన్నది ఒకే ఒక్క ఓబో రీడ్, అదీ ప్లాస్టిక్‌ది. కంపెనీ వాళ్ళు ఊరికే పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఫలానాది చెప్పమనీ అడగలేదు. ముందే చెప్పేస్తున్నా, తర్వాత కామెంట్లలో నన్ను ఉతకొద్దు.

కొలతలు, ధర, ఎన్ని రకాలొస్తాయి అన్నవి మీరు ఇప్పటికే ఎక్కడో చూసేసి ఉంటారు. ఆ జోలికి పోను. నాదం ఎలా ఉందంటే, పర్లేదు. పైస్థాయిలో కొంచెం పల్చబడుతుంది. సోలో బిట్‌కి మాత్రం నేను వాడను. నీళ్ళు పీల్చుకోదు కాబట్టి ఉమ్మి రెండు రెక్కల మధ్య చుక్కలా నిలబడిపోతుంది, అరగంటకోసారి గుడగుడమంటుంది. తప్పులు ఇంతే.

మరి ఎందుకింత సంబరం అంటారా? నా ఓబో కథ చెప్పాలి.

ఇది పాత ఇంగ్లీషు వాయిద్యం. నల్ల చెక్క, థంబ్‌ప్లేట్ సిస్టమ్, అంటే ఎడమ బొటనవేలితో నొక్కే పలక ఉన్న రకం. ఒక తెలుగు మాస్టారి దగ్గర కొన్నాను. సినిమా వాళ్ళందరూ హైదరాబాద్ వెళ్ళిపోయినా ఆయన మాత్రం కోడంబాకం వదల్లేదు. ఇచ్చేటప్పుడు ఒకే మాట అన్నారు: "నాయనా, దీని జి కొంచెం బద్ధకంగా ఉంటుంది, నువ్వే లేపాలి." అదేదో వేదవాక్కు అనుకుని నాలుగేళ్ళు ఆ జి నోట్‌ని పెదవులతో లేపుతూనే ఉన్నాను. రికార్డింగ్‌లో అద్దం అవతల నుంచి "ఓబో శ్రుతి కొంచెం కిందుంది సార్" అని వినపడ్డప్పుడల్లా రీడ్ మార్చేవాణ్ణి. ఇంటికొచ్చి కత్తి తీసి గీకేవాణ్ణి. ఎన్ని మంచి రీడ్లు అలా చంపానో లెక్కలేదు.

ఓబో వాయించని వాళ్ళ కోసం ఒక్క ముక్క. ఫ్లూట్‌కీ క్లారినెట్‌కీ శ్రుతి సరిచేసుకోవడానికి జరుపుకునే జాయింట్ ఉంటుంది. ఓబోకి అలాంటిదేం లేదు. ఉన్నదల్లా రీడే. దాని కింది గొట్టాన్ని స్టేపుల్ అంటారు, మామూలుగా 47 మిల్లీమీటర్లు ఉంటుంది. రీడ్‌ని కాస్త బయటికి లాగితే శ్రుతి దిగుతుంది గానీ, లోపల ఖాళీ ఏర్పడి కొన్ని నోట్లు వణకడం మొదలెడతాయి. ఆర్కెస్ట్రా మొత్తం మన ఓబో పలికే 'ఏ' అనే నోట్ విని శ్రుతి కలుపుకుంటుంది. మనం ఎవర్ని విని కలుపుకోవాలో దేవుడికే తెలియాలి!

ఇక్కడే మన చెన్నై వాతావరణం ఆడుకుంటుంది. కేన్ రీడ్ అంటే ఎండిన రెల్లే కదా. పొద్దున బాల్కనీలో తేమకి ఉబ్బి ఒకలా పలుకుతుంది. పదకొండింటికి స్టూడియో ఏసీలో ఎండి ఇంకోలా పలుకుతుంది. సాయంత్రం వానొస్తే మూడోరకం. అలాంటప్పుడు నోటు తప్పితే దోషం రీడ్‌దా, వాయిద్యానిదా? కొలబద్దే సాగుతూ ముడుచుకుంటూ ఉంటే గుడ్డ ఎంతుందో ఎలా చెప్తారు?

ఈ ప్లాస్టిక్ రీడ్ మారదండీ. మూడు రోజులు, రోజుకి మూడుసార్లు చూశాను. ప్రతిసారీ పది నిమిషాలు వాయించి ఓబోని వేడెక్కించాకే కొలిచాను. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే శ్రుతి దాదాపు 3 సెంట్లు పైకెళ్తుంది కాబట్టి ఆ పని తప్పదు. ఒక సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు. మా ఆవిడ శ్రుతి కొలిచే ట్యూనర్ పట్టుకుని నోట్‌బుక్‌లో రాసింది. నేను కళ్ళు మూసుకున్నాను. నవ్వకండి, ఇది ముఖ్యం. ముల్లు చూస్తూ వాయిస్తే పెదవులు మనకి తెలియకుండానే దాన్ని మధ్యకి లాగేస్తాయి. కాగితం మీద ఓబో బాగున్నట్టే ఉంటుంది, మన దవడ మాత్రం నొప్పెడుతుంది.

తొమ్మిదిసార్లూ జి నోట్ 15 సెంట్ల దగ్గర్లో కిందే ఉంది. కింది జి, పై జి, రెండూ. పక్కనున్న 'ఏ', ఎఫ్ షార్ప్ నోట్లు బాగానే ఉన్నాయి. రీడ్‌కి ఇందులో ఏ పాపమూ లేదన్నమాట. ఆ పేజీ చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. రెండు స్థాయిల్లోనూ ఒకే నోట్ ఒకేలా తప్పితే ఆ నోట్‌కి తెరుచుకునే రంధ్రం దగ్గర వెతకాలి. పైస్థాయిలో మాత్రమే తప్పితే పైస్థాయి పలికించే చిన్న ఆక్టేవ్ రంధ్రాన్నో బోర్ అనే లోపలి గొట్టాన్నో అనుమానించాలి. జి వాయించేటప్పుడు ఎడమచేతి మూడు వేళ్ళు మూసి ఉంటాయి. కుడి చూపుడువేలు కింద ఉన్న రంధ్రం తెరుచుకుంటుంది. ఆ రంధ్రంలో మురికి పేరుకున్నా, దాని మీద మూతలా పడే ప్యాడ్ సరిపడా పైకి లేవకపోయినా నోట్ కిందికి జారుతుంది, గొంతు కూడా మూసుకుపోయినట్టుంటుంది. నా జి అచ్చం అలాగే, జలుబు చేసినట్టు.

కీ తీశాను. కెమెరా దగ్గరికి తెస్తా ఆగండి... కనబడుతోందా? కీ కింద ఒకటిన్నర మిల్లీమీటర్ల నల్ల ముక్క. అక్కడ ఉండాల్సింది పల్చటి కార్క్. ఇది సైకిల్ ట్యూబు! వాసన చూస్తే ఇప్పటికీ పంక్చర్ షాపు గుర్తొస్తోంది. ఏ మహానుభావుడో ఎప్పుడో కార్క్ దొరక్క, కీ టకటక కొడుతుంటే, ఇది కత్తిరించి అంటించాడు. చప్పుడైతే పోయింది, జి కూడా దాంతోపాటే పోయింది. మాస్టారు దాన్ని బద్ధకం అన్నారు, నేను నమ్మాను.

పల్చటి కార్క్ వేశాను. జి లేచి కూర్చుంది, 3 సెంట్ల తేడాకి వచ్చింది. సంతోషం పది నిమిషాలే. కింది డి, సి గరగరలాడటం మొదలెట్టాయి. ఎందుకంటే ఆ కీకీ (నొక్కితే ఎఫ్ షార్ప్ పలికేది అదే) జి షార్ప్ కీకీ మధ్య ఒక చిన్న స్క్రూ వంతెనలా ఉంటుంది. ఒకటి కదిపితే రెండోది అలుగుతుంది. దీనికి పరీక్ష సులువు: ఎఫ్ షార్ప్ వాయిస్తూ ఎడమ చిటికెనవేలితో జి షార్ప్ కీ నొక్కండి. నాదం మారకూడదు. మారిందంటే జి షార్ప్ ప్యాడ్ దగ్గర గాలి పోతోందన్నమాట. ఆ స్క్రూని పావు చుట్టు కంటే తక్కువ తిప్పి మళ్ళీ చూడండి. ఎక్కువ బిగిస్తే జి షార్ప్ మూసుకుంటుంది గానీ, ఎఫ్ షార్ప్ ప్యాడ్ పైనే ఆగిపోతుంది.

ఏ ప్యాడ్ కారుతోందో తెలియడానికి సిగరెట్ చుట్టే కాగితం కావాలి. సన్నగా కత్తిరించి ప్యాడ్ కింద పెట్టి, కీ మెల్లిగా మూసి లాగితే అన్ని వైపులా సమంగా పట్టుకోవాలి. మా వీధి చివర పెట్టికడలో అడిగితే, పదేళ్ళుగా నాకు కొబ్బరినీళ్ళు ఇస్తున్న అన్న కింద నుంచి పైదాకా ఒక చూపు చూశాడు. "వాయిద్యానికి అన్నా" అంటే ఇంకా అనుమానంగా చూశాడు.

మా తాతయ్య శ్రీకాళహస్తి దగ్గర సన్నాయి వాయించేవాడు. ఆయన వాయిద్యానికి పీకలు గుత్తిగా వేలాడేవి, ఇక్కడి వాళ్ళు సీవాళి అంటారు. సన్నాయికి కింది భాగంలో వేళ్ళు పెట్టని రంధ్రాలుంటాయి కదా, శ్రుతి సరిచేయడానికి వాటిల్లో మైనం పెట్టేవాడు. ఓబోలోనూ అదే కిటుకు. ఒక్క నోట్ పైకి పోతుంటే రంధ్రం పై అంచున రవ్వంత మైనం పెడితే దిగుతుంది. నచ్చకపోతే తీసేయొచ్చు. రంధ్రాన్ని మాత్రం గీకకండి, తీసిన చెక్క తిరిగి రాదు.

ఇంకొక్కటి. పాత బ్యాండు ఓబో దొరికింది, ఏ రీడ్ పెట్టినా శ్రుతి కలవట్లేదని తరచూ అడుగుతుంటారు. దాని మీద హెచ్.పి. అనే ముద్ర ఉందేమో చూడండి. అప్పట్లో ఇంగ్లీషు బ్యాండ్లు హై పిచ్‌లో, అంటే 'ఏ' నోట్ 452.5 హెర్ట్జ్ దగ్గర ఉండేలా వాయించేవి. 1939లో లండన్ సమావేశం 440 ఖాయం చేసింది. తేడా దాదాపు 48 సెంట్లు, అంటే అర్ధస్వరంలో సగం. రంధ్రాల మధ్య దూరమే వేరు కాబట్టి అది రీడ్‌తో తీరే జబ్బు కాదు. అద్దాల బీరువాలో పెట్టుకోండి, అందంగా ఉంటుంది.

కొనమంటారా అంటే, కచేరీకి ఒకటే రీడ్ కావాలనుకుంటే వద్దు, ఆ డబ్బుకి మంచి కేన్ రీడ్లు కొన్ని వస్తాయి. పాత ఓబో ఉండి ఏళ్ళ తరబడి రీడ్లని తిట్టుకుంటున్నవాళ్ళయితే మారు ఆలోచించకుండా కొనండి. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకటి కొనుక్కుని, కడిగి వాడుకున్నా చాలు. నాకు ఊరికే వచ్చింది కాబట్టి చెప్పడం సులువే అంటారు, అననివ్వండి. పోయిన నాలుగేళ్ళలో నేను గీకి పారేసిన రీడ్ల ఖరీదు ముందు ఇదెంత?

ఇప్పుడు ప్లాస్టిక్‌ది తీసేసి, పొద్దున నానబెట్టిన కేన్ రీడ్ పెడుతున్నాను. కింది జి, తర్వాత పై జి. ట్యూనర్ మీ వైపు తిప్పాను, నేను కళ్ళు మూసుకుంటున్నాను. ఎవరింట్లోనో కుక్కర్ కూస్తోంది, అది ఆగనివ్వండి... ఆఁ, ఇప్పుడు చూడండి.