సంతకు పోతావా అంటే

వేదిక మీది పెద్దలకు, కింద కూర్చున్న అన్నలకు, అక్కలకు నమస్కారం. పెద్దల పేర్లు చదవమని కాగితం ఇచ్చినారు. అవి చదివితే నాకిచ్చిన టైము వాటికే సరిపోతాది, మన్నించాల.

ఈరోజు మార్చి 3, ప్రపంచ వినికిడి దినోత్సవం. మోత గురించి మాట్లాడమన్నారు. నేను మా నాయన గురించి చెప్తా.

నాయన ఇక్కడే, చిత్తూరు పక్కన, గ్రానైటు కటింగ్ మిషను మీద ఇరవై రెండేళ్లు చేసినాడు. ఒకరోజు అమ్మ "సంతకు పోతావా?" అనింది. "ఎంతకు పోతే నీకెందుకు?" అని కసిరినాడు. ఆవు బేరం నడస్తా ఉండింది ఆ దినాల్లో. ఇంటిల్లిపాదీ నవ్వినాం. చెవి పరీక్షలు చేసే పని నేర్చుకున్నాక గానీ నాకు తెలీలా, ఆయన చెవిలో 'అంతకు' పడింది, ముందరి 'స' పడలేదని.

మోత మొదట కొరికేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల. హెర్ట్జ్ అంటే శబ్దం ఎంత సన్నందో చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ సన్నం. చెవి పరీక్ష గ్రాఫులో అక్కడ గుంత పడతాది, 8000 దగ్గర మళ్లీ కొంచెం లేస్తాది. అచ్చులు బాగానే వినపడతాయి. స, శ, ఫ జారిపోతాయి. "వినపడతాది గానీ అర్థం కాదు" అనే మాట మీ ఇళ్లలో లేదా? చెప్పండి!

ఫ్యాక్టరీకి చెవి పరీక్షల క్యాంపు వచ్చింది. నాయన చేతిలో పెట్టిన కాగితంలో ఒకే మాట: నార్మల్. తర్వాత నేనే కూర్చోబెట్టి చూసినా. శబ్దం ఎంత పెద్దగా పెడితే వినపడిందో ఆ కొలత డెసిబెలు, అంకె పెరిగితే లోపం పెరిగినట్టు. రెండిట్లో మెరుగైన చెవిలో 500 హెర్ట్జ్ దగ్గర 15 డెసిబెళ్లు, 1000 దగ్గర 15, 2000 దగ్గర 24. సగటు 18. నార్మలే! నాలుగోది, 4000 దగ్గర, 66. దాన్ని కలిపితే సగటు 30, అంటే స్వల్ప లోపం. మనిషి ఆయనే, చెవి ఆయనదే. ఒక్క అంకె వదిలేస్తే జబ్బే లేదు.

ఆ 30 కూడా చిన్నమాటే అంటాన్నేను. 2016 వికలాంగుల హక్కుల చట్టం లెక్కకు రావాలంటే రెండు చెవులకూ 60 డెసిబెళ్లు పోవాల. అయితే 2025 దాకా నడిచిన 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో మోత వల్ల వచ్చే చెవుడు ఉండింది, కనిపెట్టిన డాక్టరు పైకి తెలపాల్సిన జబ్బది. 90 డెసిబెళ్ల మోతలో 8 గంటలే, 95 అయితే 4 గంటలే పని చెయ్యాలని ఆ చట్టం కింద నిబంధన కూడా ఉండింది. నాయన మిషను కాడ మోత కొలిచే మీటరు పెట్టినోడు లేడు. ఇన్‌స్పెక్టరు వచ్చే దినం మాత్రం చెవి మఫ్‌లు బీరువాలోంచి బయటికొస్తాయి. నవ్వొద్దండి, మీకూ తెలుసు.

ఏం చెప్తా ఉంటి? ఆఁ, కాగితం. నార్మల్ అని రాసిస్తే తీసుకోవద్దు. ఏ చెవికి, ఏ హెర్ట్జ్ దగ్గర ఎంతో, ఆ గ్రాఫు అడగండి. పనిలో చేరిన ఏడాదిదీ, ఈ ఏడాదిదీ పక్కపక్కన పెట్టి చూడండి.

పక్క గదిలో చెవి పరీక్ష మిషను పెట్టినాం. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చినోళ్లు చేతులెత్తండి. అబ్బో, ఇంతమందా! మీకు ఈరోజు చెయ్యను. మోతలోంచి వచ్చిన చెవి కొంతసేపు మొద్దుబారి ఉంటాది, కనీసం 14 గంటలు ఆగాల. పేర్లు రాయించి పోండి, వారం సెలవు నాడు పొద్దున్నే నేనుంటా. మిగిలినోళ్లు రండి. ఆ ఫ్యాను ఆపన్నా, గది నిశ్శబ్దంగా ఉండాల.