కోడి కాలేయంలో విటమిన్ ఎ, ఇ కొలత: ఇంజెక్షన్‌కు ముందే జరిగే నష్టం

అందరికీ నమస్కారం.

పీక్ నిటారుగా, చక్కగా వచ్చిందంటే ఫలితం సరైనదేనని హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలోని పదార్థాలను విడదీసి, ఒక్కోదాన్ని గ్రాఫ్‌లో పీక్‌గా చూపే యంత్రం) కొత్తగా నేర్చుకునేవాళ్లు నమ్మేస్తారు. ట్యూబులోనే సగం విటమిన్ పాడైపోయినా, మిగిలిన సగం కూడా అంతే చక్కటి పీక్ ఇస్తుంది. అందుకే ఈరోజు యంత్రం గురించి కొంచెమే చెప్పి, శాంపిల్‌ను అందులోకి ఎక్కించే (ఇంజెక్షన్) ముందు చేసే పని మీద నిలబడతాను.

కాలేయంలో విటమిన్ ఎ ఎక్కువగా రెటినైల్ పాల్మిటేట్ లాంటి ఎస్టర్ల రూపంలో ఉంటుంది. క్షారంతో వేడి చేస్తే ఎస్టర్లు విడిపోయి రెటినాల్ (మనం కొలిచే విటమిన్ ఎ) వస్తుంది, కొవ్వేమో సబ్బవుతుంది. మెత్తగా నూరిన కాలేయం అర గ్రాము మూత బిగిసే ట్యూబులో వేయండి. 1 శాతం పైరోగలాల్ కలిపిన ఇథనాల్ 5 మి.లీ. పోసి బాగా కలిపాకే, 50 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం 1 మి.లీ. పోయాలి. ఈ వరస తప్పకూడదు. క్షారం ముందు పడితే, కాపాడే మందైన పైరోగలాల్ చేరేలోపే ఆక్సీకరణ మొదలవుతుంది. నైట్రోజన్ ఊది మూత బిగించి, 70 డిగ్రీల వాటర్ బాత్‌లో మధ్యమధ్య ఊపుతూ 30 నిమిషాలు ఉంచండి. తీశాక ట్యూబు రంగు చూడండి. ముదురు గోధుమ రంగుకు తిరిగితే పైరోగలాల్ ఆక్సిజన్‌ను పీల్చుకుందని అర్థం, అంటే నైట్రోజన్ చాలలేదు లేదా మూత లూజుగా ఉంది. ఆ శాంపిల్ మళ్లీ చేయడమే మంచిది.

ఐస్‌లో చల్లార్చి 7 మి.లీ. నీళ్లు కలపండి. ద్రవంలో ఇథనాల్ 40 శాతం దాటితే విటమిన్ కొంత కింది పొరలోనే ఉండిపోతుంది. ఆక్సీకరణను ఆపే బీహెచ్‌టీ కలిపిన హెక్సేన్ 5 మి.లీ. చొప్పున పోసి, విటమిన్లను అందులోకి మూడుసార్లు లాగండి. పొరలు విడిపోకుండా నురగ కట్టిందా? గట్టిగా ఊపడం వల్లే. కొద్దిగా ఉప్పునీళ్లు పోసి సెంట్రిఫ్యూజ్ చేయండి. హెక్సేన్ పొరను క్షారం పోయేదాకా నీళ్లతో కడిగి, 40 డిగ్రీల దగ్గర నైట్రోజన్‌తో ఆవిరి చేయండి. పూర్తిగా ఎండిన పొరను గాజు గోడకు అలా వదిలేసి టీకి వెళ్లకండి, వెంటనే 1 మి.లీ. మిథనాల్‌లో కరిగించండి. విటమిన్ వెలుతురుకు పాడవకుండా ఇదంతా పసుపు లైటు కింద జరగాలి.

యంత్రంలో సీ18 కాలమ్ (పదార్థాలను విడదీసే గొట్టం), మిథనాల్ నిమిషానికి 1 మి.లీ. చాలు. రెటినాల్‌ను 325 నానోమీటర్ల దగ్గర, ఆల్ఫా టోకోఫెరాల్‌ను (విటమిన్ ఇ) 292 దగ్గర చూస్తాం. కాలేయంలో ఎ చాలా ఎక్కువ, ఇ తక్కువ. అందుకని ఒకే వయల్ నుంచి ఇ కోసం ఉన్నదున్నట్టు, ఎ కోసం పలుచన చేసి, రెండు ఇంజెక్షన్లు ఇవ్వక తప్పదు.

స్టాండర్డ్ (శాంపిల్‌తో పోల్చడానికి వాడే తెలిసిన విటమిన్) సీసా మీద రాసిన బరువును నమ్మొద్దు. ఇథనాల్‌లో మి.లీ.కి 3 మైక్రోగ్రాముల రెటినాల్ ఉంటే, 1 సెం.మీ. క్యువెట్‌లో 325 దగ్గర కాంతి శోషణ రీడింగ్ సుమారు 0.555 రావాలి. 0.40 వస్తే మీ స్టాండర్డ్‌లో నాలుగో వంతుకు పైగా పోయినట్టే, దాంతో లెక్కేస్తే ప్రతి శాంపిల్‌లోనూ విటమిన్ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఇంటర్నల్ స్టాండర్డ్‌గా (నష్టాన్ని లెక్కగట్టడానికి శాంపిల్‌లో ముందే కలిపే పదార్థంగా) రెటినైల్ అసిటేట్ ఈ పద్ధతికి పనికిరాదు, క్షారంలో అది కూడా రెటినాలే అవుతుంది. టోకాల్ వాడొచ్చు.

పచ్చసొనలో ల్యూటిన్ అనే పసుపు రంగు పదార్థం కొలిచేవాళ్లకు ఒక మాట. ల్యూటిన్‌కు ధ్రువత ఎక్కువ, ఒట్టి హెక్సేన్‌లోకి పూర్తిగా రాదు. అందులో కొంచెం ఇథైల్ అసిటేట్ కలపండి. దాన్ని అలాంటిదే అయిన జియాజాంతిన్ నుంచి విడదీయాలంటే మాత్రం సీ30 కాలమ్ కావాలి, 450 దగ్గర చూడాలి. విటమిన్ కె కావలసినవాళ్లు ఈ దారిలోకి అసలు రావద్దు, క్షారం దాన్ని పాడుచేస్తుంది.