స్టర్ట్ ఎడారి బఠాణీ

శ్రోతలకు నమస్కారం.

ఆస్ట్రేలియా లోపలి ఎడారుల్లో మంచి వాన కురిసిన తరువాత, ఎర్రటి ఇసుక నేలను అంటిపెట్టుకుని పాకే ఒక చిన్న మొక్క నెత్తుటి రంగు పూలతో నేలను కప్పివేస్తుంది. చిక్కుడు కుటుంబానికి చెందిన ఈ మొక్క పేరు స్టర్ట్ ఎడారి బఠాణీ. 1844లో ఆ ఖండపు నడిభాగాన్ని శోధించడానికి బయలుదేరిన చార్లెస్ స్టర్ట్ పేరు దీనికి స్థిరపడింది గాని, అంతకు చాలా ముందే, 1699లో, ఆంగ్ల నావికుడు విలియం డాంపియర్ వాయవ్య తీరపు దీవుల్లో సేకరించిన రెమ్మ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో నేటికీ భద్రంగా ఉంది. 1961 నుంచి ఇది దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్ర పుష్పం.

సుమారు 9 సెంటీమీటర్ల పొడవుండే ఒక్కొక్క పువ్వు నడుమ నల్లగా నిగనిగలాడే బుడిపె ఉంటుంది. పరాగాన్ని మోసేవి ముఖ్యంగా పక్షులే. బూడిద రంగు ఆకులపై పట్టువంటి నూగు, నేలలోకి లోతుగా దిగే తల్లివేరు ఎండను తట్టుకోవడానికి తోడ్పడతాయి. అయితే నాకు అన్నిటికంటే అబ్బురంగా తోచేది దీని విత్తనం. గట్టి పొర నీటిని లోపలికి రానివ్వదు కాబట్టి, ఒక జల్లుకే గింజలన్నీ మొలకెత్తి, ఆపై వచ్చే ఎండకు ఒక్కసారిగా మాడిపోయే ప్రమాదం ఉండదు; కొన్ని మొలిచినా మిగిలినవి ఏళ్ల తరబడి నేలలో వేచి ఉంటాయి.

పెంచేవారు ముందుగా ఆ పొరనే ఛేదించాలి. గింజను గరుకు కాగితంపై కాస్త రుద్ది గాని, వేడినీరు పోసి రాత్రంతా నానబెట్టి గాని, ఉబ్బిన గింజలను మాత్రమే విత్తుకోవాలి. వేరు కదిలితే మొక్క దక్కడం కష్టం; అందువల్ల నారు పోసి నాటడం కంటే, పెరగవలసిన చోటనే లేదా లోతైన కుండీలోనే విత్తడం మేలు. ఇసుక కలిసిన, నీరు నిలవని నేల, రోజంతా ఎండ దీనికి కావాలి. ప్రేమకొద్దీ పదేపదే నీరు పోస్తే వేరు కుళ్లి చనిపోతుంది. మట్టి పైపొర ఆరిన తరువాతే, ఆకులు తడవకుండా మొక్క మొదలు దగ్గర నీరు పోయాలి. తడి నేలల్లో దీన్ని నిలబెట్టుకోవడానికి కొందరు తోటమాలులు, అదే కుటుంబానికి చెందిన కొలూటియా లేత మొక్కపై దీనిని అంటుకడతారు. రెండూ మొలకలుగా ఉన్నప్పుడే చేయవలసిన నాజూకైన పని అది.

కాయలు గోధుమరంగుకు తిరిగి పగలకముందే కోసి, గింజలను పొడిగా దాచుకుంటే, మరుసటి ఏడాది విత్తుకోవచ్చు.