గుర్రపు పోటీలకు ఫొటోగ్రాఫర్‌ని ఎంచుకోవడం ఎలా?

[తెరపై: ఒకే గుర్రం, ఒకే అడ్డంకి, పక్కపక్కనే రెండు ఫొటోలు]

ఈ రెండు ఫొటోలు చూడండి. రెండూ స్పష్టంగానే వచ్చాయి. మొదటిదాంట్లో గుర్రం వీపు విల్లులా వంగింది, ముందుకాళ్లు బాగా ముడుచుకున్నాయి, చెవులు నిక్కి ముందుకే ఉన్నాయి. రెండోదాంట్లో కాళ్లు అప్పుడే నేలకు దిగుతున్నాయి, రైడర్ కుదురు తప్పినట్టు కనిపిస్తున్నారు. రెంటికీ మధ్య అర సెకను కూడా తేడా లేదు. ఇది కెమెరా ఖరీదు వల్ల వచ్చిన తేడా కాదు. తీసిన మనిషికి గుర్రం ఎంత తెలుసన్నదే ఇక్కడ కనబడుతోంది.

షో జంపింగ్‌లో, అంటే అడ్డంకులు దూకే పోటీలో, గుర్రం నిమిషానికి 350 మీటర్ల వేగంతో వెళ్తోందనుకుందాం. సెకనుకు పది ఫొటోలు తీసే కెమెరా పట్టుకున్నా, ఒక ఫొటోకీ ఇంకో ఫొటోకీ మధ్య గుర్రం అర మీటరుకు పైగా కదిలిపోతుంది. మీకు కావలసిన క్షణం సరిగ్గా ఆ సందులోనే జారిపోవచ్చు. చూసి నొక్కితే ఆలస్యమే. గుర్రం అడుగుల లయ లెక్కపెట్టుకుంటూ ముందే నొక్కాలి.

[తెరపై: పరుగెత్తే గుర్రం, వరుస ఫొటోలు]

అసలు గుర్రం అడుగులు మన కంటికి అందవు. దౌడు తీసే గుర్రం కాళ్లు ముందుకీ వెనక్కీ చాచి గాల్లో తేలుతున్నట్టు చిత్రకారులు ఎన్నో ఏళ్లు గీశారు. 1878లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగా కెమెరాలు పెట్టి తీశాకే తెలిసింది: నాలుగు కాళ్లూ గాల్లో ఉండే మాట నిజమే, కానీ అప్పుడవి పొట్ట కింద ముడుచుకుని ఉంటాయి.

డ్రెస్సాజ్‌లో, అంటే రైడర్ సూచనల మేరకు గుర్రం లయగా నడకలు చూపించే పోటీలో, ఈ పట్టింపు ఇంకా ఎక్కువ. ట్రాట్‌లో, అంటే నడకకీ దౌడుకీ మధ్య వేగంలో, ఎదురెదురు మూలల కాళ్లు జంటగా కదులుతాయి. ఆ జంట బాగా చాచుకున్న క్షణం దొరికితే గుర్రం దర్జాగా కనిపిస్తుంది. కాస్త అటూ ఇటూ అయితే మంచి గుర్రం కూడా కుంటుతున్నట్టు ఉంటుంది. అమ్మకానికి పెట్టిన గుర్రానికి అలాంటి ఫొటో పడితే ఎంత నష్టమో ఆలోచించండి. అందుకే పెళ్లిళ్ల ఫొటోలు అద్భుతంగా తీసేవాళ్లని పిలిచినా, ఈ పని వాళ్లకి వచ్చో రాదో విడిగా చూసుకోవాల్సిందే.

మరి ఎలా చూడాలి? వాళ్లు ఏరి పెట్టిన ఇరవై మంచి ఫొటోలు చూసి మురిసిపోకండి. ఏదైనా ఒక పోటీలో ఒక్క విభాగానికి తీసిన మొత్తం గ్యాలరీ చూపించమనండి. నా దృష్టిలో దీన్ని మించిన పరీక్ష లేదు. ప్రతి రైడర్‌కీ కనీసం ఒకటి రెండు మంచి క్షణాలు దొరికాయా? నల్ల గుర్రం ఒట్టి నల్ల మచ్చలా కాకుండా కండలతో సహా కనబడుతోందా? ఇన్‌డోర్ అరీనా (పైకప్పు ఉన్న పోటీ బరి) ఫొటోలు తప్పకుండా అడగండి. వెలుతురు తక్కువగా ఉన్నచోట కూడా షట్టర్ స్పీడ్ సెకనులో వెయ్యో వంతు దగ్గర నిలబెట్టాలి, అక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. "ఫ్లాష్ వేసి తీస్తాను" అన్నారంటే వేరేవాళ్లని వెతుక్కోండి. గుర్రం బెదిరితే పడేది రైడర్.

[తెరపై: అరీనా అంచున నిలబడ్డ ఫొటోగ్రాఫర్]

మాట్లాడుకునే ముందు నిర్వాహకులకు ఒక ఫోన్ చేయండి. చాలా పోటీలకు అధికారిక ఫొటోగ్రాఫర్ ఉంటారు. బయటివాళ్లు డబ్బు తీసుకుని ఫొటోలు తీయకూడదన్న నిబంధన కూడా ఉండొచ్చు. అలాంటప్పుడు ఆ అధికారిక ఫొటోగ్రాఫర్‌తోనే ముందుగా మాట్లాడుకోవడం నయం. మీ విభాగం, రైడర్ నంబర్, గుర్రం రంగు, ఏ అరీనా అన్నది రాసి పంపండి. బరిలోకి దిగే వరుస మారితే వెంటనే చెప్పండి.

ఇక డబ్బు. కొందరు రోజుకి ఇంతని తీసుకుంటారు, కొందరు ముందు తీసి తర్వాత నచ్చిన ఫొటోలు మాత్రం అమ్ముతారు. ఏదైనా సరే, ఫొటో కొన్నంత మాత్రాన దాని మీద హక్కులన్నీ మీవే అనుకోకండి. చాలా దేశాల్లో కాపీరైట్ మామూలుగా తీసినవాళ్లకే ఉంటుంది. సోషల్ మీడియాలో పెట్టుకోవచ్చా, గుర్రం అమ్మకపు ప్రకటనలో వాడొచ్చా, స్పాన్సర్‌కి ఇవ్వొచ్చా అన్నది ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. వాటర్‌మార్క్ ఉన్న నమూనా ఫొటోని స్క్రీన్‌షాట్ తీసి వాడడం మాత్రం వద్దు. రోజంతా ఎండలో, దుమ్ములో నిలబడి తీసిన మనిషి కూలి అది.